నల్లబండా తెల్లబండా

ఆగస్టు 10, ఆదివారం

గిరి ఇప్పుడే వెళ్ళాడు. మనిషి వెళ్ళినా వాడి సెంటు వాసన ఇంకా నడవలోనే కూర్చుని ఉంది. నా మరిది హిందూపురంలో ట్రావెల్స్ నడుపుతాడు కాబట్టి, బండ్ల విషయం వస్తే మా ఇంట్లో ఇంకెవరూ నోరెత్తడానికి లేదు. ఫోన్లో రెండు ఫొటోలు చూపించాడు. ఒకటి నల్లది. ఏడుగురు కూర్చునే పెద్ద ఎస్‌యూవీ, ముందు నుంచి చూస్తే ఎవరితోనో పోట్లాటకు వచ్చినట్టు ఉంటుంది. రెండోది తెల్లది. పెద్ద పికప్పు, ముందు అయిదుగురు కూర్చోవచ్చు, వెనక పొడుగాటి తొట్టి. రెండూ ఒకరు వాడినవే. నల్లది హిందూపురంలో గిరి స్నేహితుడిది, తెల్లది ధర్మవరంలో ఎవరో మగ్గాల షావుకారుది.

బండి కొనమన్నది అత్త. జూన్‌లో బావ (మొగుడైనా నాకు ఆయన బావే) నంద్యాల పక్క నుంచి మంద తోలుకొచ్చినప్పుడు ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చాడు. లారీ హారన్‌కు గొర్రెలు చెదిరితే మలపబోయి కాలవ గట్టు మీద నుంచి పడ్డాడట. ఈ మాట ఆయన చెప్పలేదు, తోడు వెళ్ళినవాళ్ళు చెప్పారు. అత్త ఆ కాలు చూసి, "ఇంగ నడిసింది సాలు, బండి తీసుకోండి" అంది. అంతవరకు బాగానే ఉంది. ఏ బండి అన్న దగ్గరే పేచీ.

నల్లది కొనాలంటే మంద మొత్తం అమ్మాలి. బావ గిరితో చేరి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు ట్రిప్పులు కొట్టాలి. తెల్లది కొంటే సగం మంద అమ్మితే చాలు. మిగిలిన సగంతో బావ ఎప్పటిలాగే చలికాలం మేతకు నంద్యాల వైపు కాలవల కిందికి పోతాడు, కాకపోతే ఈసారి గొర్రెపిల్లలూ గంజి సట్టీ బండెక్కుతాయి.

"నీకేది బాగుండాది పవిత్రా?" అని బావ నన్నడిగాడు.

"నాకేదైనా ఒకటే" అన్నాను. నిజంగా ఒకటే. ఫ్యాక్టరీ బస్సు నన్ను పొద్దున తీసుకుపోయి సాయంత్రం దింపుతుంది. నాకు బండితో ఏం పని?

ఒక్కటి మాత్రం వింతగా ఉంది. గొర్రె దగ్గితే చాలు, దానికి ఏ జబ్బో చీకట్లో కూడా చెప్పే మనిషి, రెండు ఫొటోలు ముందు పెడితే ఏది కావాలో చెప్పలేకపోయాడు.

ఆగస్టు 12

బావ కాలికి వేడినీళ్ళ కాపడం పెట్టాను. నొప్పి ఉందా అంటే లేదన్నాడు. ముట్టుకుంటే కాలు లాక్కున్నాడు.

ఆగస్టు 17, ఆదివారం

నల్లదాన్ని చూసి వచ్చాం. గిరి హిందూపురం నుంచి దాన్ని తీసుకొచ్చి రొద్దం రోడ్డు మీద మమ్మల్ని ఎక్కించుకున్నాడు. పెనుకొండ దాకా పోయి హైవే ఎక్కి తిరిగొచ్చాం.

నేను మధ్య సీట్లో కూర్చున్నాను. పగలంతా గార్మెంట్స్‌లో కుట్లు చెకింగ్ చేసేదాన్ని, కళ్ళు ఊరుకుంటాయా. సీటు కవరు అంచున కుట్టు రెండు చోట్ల తప్పింది. మా సూపర్‌వైజరైతే పక్కన పడేసేది. కానీ నిజం చెప్పాలి, బాగుంది. రోడ్డు మీద గుంతలు ఉన్నట్టే తెలియలేదు. మా అమ్మాయి రేష్మ వెనక సీట్లో అటూ ఇటూ పొర్లింది. స్కూల్లో తన స్నేహితురాళ్ళు ఎవరెవరిని ఎక్కించుకోవాలో అప్పుడే నిర్ణయించుకుంటోంది.

"ఎట్లుండాది మా?" అని గిరి అత్తను అడిగాడు.

"సల్లగా ఉండాది. గాలి యాడనుంచి వస్తాందో తెలీకుండా ఉండాది" అంది అత్త. అద్దం దించాలని చాలాసేపు చూసింది, ఎక్కడ నొక్కాలో తెలియక ఊరుకుంది.

నాకు అడగాలనిపించింది, అడిగాను. "గిరీ, ఎయిర్‌పోర్టుకు పోతే మళ్ళీ ఎప్పుడొస్తారు?"

"అది సెప్పేకి రాదు వదినా. ఫ్లైటు లేటయితే ఆడనే కార్లో పడుకోవాల. తిరుగు బాడుగ దొరికితే బెంగళూరులోనే రెండు దినాలు తిరగాల."

"అంటే ఇంటికి?"

"యాడికి పోతాది వదినా ఇల్లు" అని నవ్వాడు.

దిగిన తర్వాత ఒక పని చేశాడు. బావా అత్తా కూర్చున్న సీట్ల మీద జేబులోంచి సెంటు సీసా తీసి రెండు సార్లు కొట్టాడు. వాడికది అలవాటు, ప్రతి ట్రిప్పు తర్వాతా కొడతాడు. ఊరికే చేశాడు. కానీ బావ చూశాడు. చూసి, తన చొక్కా భుజాన్ని ఒకసారి వాసన చూసుకున్నాడు. నాకు గిరి మీద ఎంత కోపం వచ్చిందో. గొర్రెల మధ్య పుట్టి పెరిగినవాడే కదా వాడూ.

ఆగస్టు 20

కాలికి కాపడం. బావ రెండు గంటలు మంచం మీద కూర్చుని కంబళి పోగులు సరిచేసుకున్నాడు. ఇప్పటినుంచే కంబళితో ఏం పని అని అడిగితే, "వస్తాది గదా సలికాలం" అన్నాడు. చలికాలం వస్తే ఆయన పోతాడు. అంటే పోవాలనే ఉందా? లేక ఊరికే చేతులకు పని కావాలా? అడిగి ఉండాల్సింది.

ఆగస్టు 24, ఆదివారం

ధర్మవరం పోయి తెల్లదాన్ని చూశాం. పెనుకొండలో రైలెక్కాం. బండి ఓనరు పేరు శివకృష్ణ, ముప్పై అయిదు కూడా ఉండవు. ఇంటి కింద వరుసగా మగ్గాలు. ఆ చప్పుడులో మాట వినాలంటే ఒకరి చెవి దగ్గర ఒకరు చేరాలి. తెల్లది బయట నీడలో ఉంది. తొట్టిలో మూలమూలల్లో పట్టు పోగులు ఇరుక్కుని ఉన్నాయి, ఎర్రవీ పచ్చవీ. నేను వాటిని వేలితో లాగుతూ నిలబడ్డాను.

"బండి మంచిదే గదప్పా, ఏమిటికి అమ్ముతాండావు?" అని బావ అడిగాడు.

"మా ఇంటామె ఎక్కదన్నా. ఇది ఎక్కితే సీరల షాపోళ్ళు అనుకోరంట. గొర్రెలమ్ముకునేటోళ్ళు అనుకుంటారంట."

అని, అప్పుడు బావ భుజం మీది కంబళి చూశాడు పాపం. ముఖం కందగడ్డ అయింది.

"నిజమే గదప్పా. మేము గొర్రెలోళ్ళమే" అని బావ నవ్వాడు. ఈ మధ్య ఆయన అంత బాగా నవ్వడం ఇదే. శివకృష్ణ కాఫీ తెప్పించాడు, మళ్ళీ టిఫిన్ కూడా తెప్పించాడు.

అత్త ముందు సీటు వైపే పోలేదు. నేరుగా తొట్టిలోకి ఎక్కింది, బావ చెయ్యి పట్టుకుని. కూర్చుంది, కాళ్ళు చాపుకుంది, కాసేపటికి వెల్లకిలా పడుకుంది. దారిన పోయే ఆటో వాళ్ళు ఆపి చూస్తున్నారు. "మీ మామకు ఇట్లాంటిది ఉండింటే" అంది, ఆకాశం వైపు చూస్తూ. మా మామ దేవప్ప పోయి తొమ్మిదేళ్ళు. కాలవల కింద మందతో ఉన్నప్పుడే పోయాడు. కబురు మాకు మర్నాటికి వచ్చింది.

బావ నడిపి చూశాడు, నేను పక్కన కూర్చున్నాను. ఊరు దాటాక ఎవరిదో మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. బావ హారన్ కొట్టలేదు. ఇంజను ఆపేసి, అది మొత్తం దాటేదాకా స్టీరింగు మీద గడ్డం ఆనించి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు అడిగాను.

"ఇది కొంటే, మందతో ఉన్నా ఇంటికి వచ్చి పోతుంటావా?"

"వారానికి ఒకసారి రావచ్చు."

"రావచ్చా, వస్తావా?"

"మందను ఎవురికి అప్పజెప్పి వచ్చేది?" అన్నాడు. నన్ను కాదు, తనను తానే అడుగుతున్నట్టు.

ఆగస్టు 25

నాకేదైనా ఒకటే అని మొన్న రాశాను. ఇవాళ ఫ్యాక్టరీలో చొక్కాలు తిప్పుతూ ఆలోచిస్తే, అది నిజమే అనిపించింది. నల్లది కొంటే ఎయిర్‌పోర్టు, తెల్లది కొంటే నంద్యాల. ఏది కొన్నా బావ ఇంట్లో ఉండడు. మా పెళ్ళయిన పన్నెండేళ్ళలో రేష్మ పుట్టినప్పుడు లేడు, నాకు గర్భసంచి ఆపరేషన్ అయినప్పుడు లేడు. చలి మొదలైతే పోతాడు, తొలకరికి వస్తాడు. వానలు పడని ఏడు తొలకరి కూడా రాదు. మేనత్త కొడుకునే చేసుకున్నాను కదా, ఇది నాకు ముందే తెలుసు. తెలిసినంత మాత్రాన సరిపోతుందా?

ఇదంతా బండి గురించి కాదు. బండి గురించి అయితే నాకేదైనా ఒకటే.

ఆగస్టు 27, వినాయక చవితి

గిరి పండక్కి వచ్చాడు. ఉండ్రాళ్ళు తినేదాకా మర్యాదగానే ఉన్నారు అన్నదమ్ములు.

"ఎన్నేండ్లు నడుస్తావు అన్నా? కాలు సూసుకో. నల్లది తీసుకుంటే దర్జాగా కూర్చోని దుడ్లు సంపాదిస్తావు. దసరాకు ఇంటి ముందర నిలబెడదాం. ఆ తెల్లది కొంటే మళ్ళా గొర్రెల ఎనకనే."

"గొర్రెల ఎనక తిరిగే నిన్ను సదివిచ్చింది."

"నేను కాదంటినా? అందుకే సెప్తాండా."

గొంతులు పెరిగాయి. అత్త లోపల్నుంచి గంటె పట్టుకుని వచ్చి నిలబడింది, అంతే, ఇద్దరూ ఆగిపోయారు. చివరికి బావ అన్నాడు, "నువ్వూ వద్దు నేనూ వద్దు. బీరప్పను పువ్వు అడుగుదాం." గిరి కూడా ఒప్పుకున్నాడు. వాడు సెంటు పూసుకున్నా మా ఇంటి దేవుడు బీరప్పను కాదనడు. సోమవారం అని ఖాయం చేశారు. అడగాల్సిన మాట కూడా ఖాయం చేశారు. నల్లబండి తీసుకోవాలా? దేవుడి కుడి భుజం మీది పువ్వు పడితే అవును. ఎడమది పడితే వద్దు, తెల్లది.

సెప్టెంబరు 1, సోమవారం

ఇవాళ ఫ్యాక్టరీకి సెలవు పెట్టాను. జరిగింది జరిగినట్టు రాయాలి.

పొద్దున్నే తలకు పోసుకుని తడిబట్టలతో గుడికి పోయాం. పూజారి ఓబుళప్ప స్వామి రెండు తెల్ల గన్నేరు పువ్వులు తడిపి, బీరప్ప రెండు భుజాలకు అద్దాడు. ఎదురుగా చాప మీద బావ కూర్చున్నాడు. మాట పైకి చెప్పకూడదు, మనసులో తలుచుకోవాలి. స్వామి గంట వాయించి ఊరుకున్నాడు. మేమంతా పువ్వుల వైపే చూస్తున్నాం.

పడలేదు. నీళ్ళు మాత్రం ఒక్కో చుక్క జారుతున్నాయి. బావ తడిబట్టలు ఒంటి మీదే ఆరిపోయాయి. అత్త సాంబ్రాణి వేసింది, గిరి బయటికి పోయి రెండు ఫోన్లు మాట్లాడి వచ్చాడు. రెండు పువ్వులూ అతికించినవి అతికించినట్టే ఉన్నాయి.

"నీకు పలికేట్టు లేడు దేవేంద్రా. ఇంటి ఆడమనిషిని కూర్చోనీ" అన్నాడు ఓబుళప్ప స్వామి.

నా మీద మళ్ళీ చెంబెడు నీళ్ళు పోశారు. కూర్చున్నాను. స్వామి కొత్త పువ్వులు అద్దాడు. కళ్ళు మూసుకున్నాను, తెరిచాను. ఎంతోసేపు కాలేదు. కుడి పువ్వు భుజం మీద నుంచి జారి నేరుగా పాదాల దగ్గర పడింది. ఎడమది కదల్లేదు. గిరి చప్పట్లు కొట్టబోయి గుడి అని గుర్తొచ్చి ఆగాడు. "అయిపాయ వదినా. నల్లబండే" అన్నాడు. అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. బావ పువ్వు తీసి నా తలలో పెట్టాడు, అందరి ముందూ.

దారిలో ఏమైందని అడిగినవాళ్ళకు చలిగా ఉందని చెప్పాను.

నేనేం అడిగానో ఇక్కడ రాయను.

సెప్టెంబరు 2

గిరి నల్లబండికి అడ్వాన్సు ఇచ్చేశాడట.

సెప్టెంబరు 3

రాస్తాను. ఈ పుస్తకం ఎవరు చూస్తారు?

నేను బండి గురించి అడగలేదు. అడగాలనే కూర్చున్నాను. నల్లబండి, నల్లబండి అని రెండుసార్లు అనుకున్నాను కూడా. అప్పుడు నా ఎదురుగా, చాప పక్కన, బావ కాలు కనిపించింది. చీలమండ దగ్గర వాచి ఉంది, ఉబ్బిన చోట తడి మెరుస్తోంది. మనసు అటు పోయింది. బావ ఇంట్లో ఉంటాడా స్వామీ, నా దగ్గర ఉంటాడా, అని అడిగాను. పువ్వు పడింది.

కావాలని చేయలేదు. మనసు జారింది.

సెప్టెంబరు 4

రేపు చెప్తాను.

సెప్టెంబరు 5

ఇవాళ గార్మెంట్స్‌లో షిప్‌మెంటు. రాత్రి లేటు. అలసిపోయిన మనిషి ఏం చెప్తుంది?

సెప్టెంబరు 6

ఒకవేళ దేవుడికి రెండూ వినపడి ఉంటాయేమో. ముందు నల్లబండి అని అనుకున్నాను కదా, దానికీ దీనికీ కలిపి ఒకటే పువ్వు ఇచ్చి ఉండవచ్చు. నల్లబండి వల్లే బావ ఇంట్లో ఉంటాడని చెప్పాడేమో.

అలాగైతే చెప్పాల్సిన పనే లేదు.

సెప్టెంబరు 7, ఆదివారం

రాత్రికి గ్రహణం, మధ్యాహ్నానికే గుడి మూసేస్తారు. పొద్దున్నే టెంకాయ తీసుకుని పోయాను. స్వామి లేడు, ఆయన భార్య కుళ్ళాయమ్మ గడప కడుగుతోంది. నేనూ ఒక చీపురు తీసుకుని ఆమెతోపాటు కడుగుతూ, ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నట్టు అడిగాను.

"అక్కా, పువ్వు అడిగేటప్పుడు ఎవరైనా అనుకున్నది వదిలేసి వేరేది తలుచుకుంటే ఏమవుతుంది?"

"ఏమయితాది. ఏది తలుసుకుంటే దానికే పువ్వు."

"పక్కనున్నవాళ్ళు అనుకున్నదానికి కాదా?"

"పక్కనోళ్ళ మనసుతో ఆయప్పకేం పని? కూర్సున్నోళ్ళ కడుపులో ఉండేదే ఇనపడేది" అని చీపురు ఆపి నన్ను చూసింది. "యాల అడుగుతాండావు?"

"ఊరికే."

ఊరికే అంటే నమ్మే మనిషి కాదు ఆమె. అయినా మళ్ళీ గడప కడగసాగింది. ఇంటికి వచ్చేదాకా అదే లెక్క వేసుకుంటూ నడిచాను. అంటే నల్లబండి మాట బీరప్ప అసలు ఎత్తలేదు. ఎవరూ ఏమీ చెప్పకుండానే మంద మొత్తం పోబోతోంది, నా వల్ల.

సెప్టెంబరు 10

అత్త మందలో ఒక్కొక్కదాన్ని పేరు పెట్టి పిలుస్తోంది. రేష్మ వెంట తిరుగుతూ పేర్లు నేర్చుకుంటోంది. ఇప్పుడెందుకే అంటే, "మళ్ళా ఉండవు గదా మా" అంది.

సెప్టెంబరు 12

రేపు తప్పకుండా.

సెప్టెంబరు 14, ఆదివారం

చెప్పేశాను.

వచ్చే ఆదివారం పెద్దల అమావాస్య, ఆ వెంటనే దసరా. గొర్రెలకు ఇంతకంటే గిరాకీ ఉండే రోజులు లేవు. పొద్దున్నే హిందూపురం నుంచి ఇద్దరు వ్యాపారులు వచ్చారు. దొడ్లోకి దిగి ఒక్కో పొట్టేలు వెన్ను పట్టి నొక్కి చూశారు, పళ్ళు చూశారు. అత్త ఇంట్లోంచి బయటికి రాలేదు. నేను టీ పెట్టి తెచ్చేసరికి బేరం మొదలైంది. పెద్దాయన భుజం మీది టవలు తీసి తన చేతి మీద కప్పుకుని, "చెయ్యి ఇయ్యప్పా దేవేంద్రా" అన్నాడు. వాళ్ళ బేరం నోటితో ఉండదు. టవలు కింద వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకుంటారు. చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. చేతులు విడిచిపెట్టి టవలు దులిపితే, బేరం అయిపోయినట్టే. ఆ తర్వాత మాట మార్చిన మనిషిని సంతలో ఎవరూ నమ్మరు.

బావ కుడిచెయ్యి టవలు వైపు పోతోంది.

"బావా, ఒక్క నిమిషం ఇట్లా రా."

"ఉండు పవిత్రా."

"ఉండేకి కాదు. రా."

నా గొంతులో ఏం వినిపించిందో, లేచి వచ్చాడు. వ్యాపారులు టీ గ్లాసులు అందుకుని మమ్మల్నే చూస్తున్నారు. బావను దొడ్డి వెనక్కి తీసుకుపోయాను. గొర్రెలు మా వైపు తలలెత్తాయి.

"ఆ దినం గుడిలో నేను బండి గురించి అడగలే" అన్నాను.

"మళ్ళా?"

"వేరేది అడిగితి."

"ఏం అడిగితివి?"

చెప్పడానికి సిగ్గేసింది. పన్నెండేళ్ళ కాపురం, ఎదిగే కూతురు, ఇంకా ఈ సిగ్గొకటి. "నువ్వు ఇంట్లో ఉంటావా అని. నా దగ్గర" అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. దొడ్డి కంచె మీద చెయ్యి వేసి గొర్రెల వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. అడ్వాన్సు పోయింది, ఊరంతా నల్లబండి అని చెప్పుకున్నారు, దేవుడి దగ్గర కూర్చుని ఒకటి అనుకుని ఇంకొకటి అడిగిన దాన్ని ఏమన్నా పడాలి.

"కుడి పువ్వే గదా పడె?" అన్నాడు.

"ఊ."

"మనసులో ఇంగేం రాలే గదా? బండీ గిండీ?"

"ముందు అనుకున్నా. అడిగేటప్పుడు అదొక్కటే."

"గట్టిగా చెప్పు. ఇది ఆటగాదు."

"అదొక్కటే బావా."

"నేను గంట కూర్సుంటి. నల్లబండి నల్లబండి అని ఒకటే అడిగితి. నోరు తెరవలే ఆయప్ప" అన్నాడు. కంచె మీంచి చెయ్యి తీసి, నెమ్మదిగా అన్నాడు. "నీకు మాట ఇచ్చె. అయితే నేను ఇంట్లో ఉండేది ఖాయమాయ. దేవుడు ఇచ్చిన మాట నేను తప్పల్నా?"

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆయన అప్పటికే లెక్క వేసుకుంటున్నాడు. "ఏ బండి కొంటే యాడికి పోవాల అని సూస్తిమి ఇన్నాళ్ళూ. ఇంట్లో ఉండేటోనికి ఏ బండి కావాల? అది సూద్దాం పా."

వెనక్కి పోయి పెద్దాయన పక్కన కూర్చున్నాడు. "సగం జీవాలే అమ్ముతా మామా" అన్నాడు, చెయ్యి టవలు కింద పెడుతూ.

నేను వంటింట్లోకి వచ్చి పొయ్యి ముందు కూర్చుని బాగా ఏడ్చాను. సంతోషంతోనే. కొంత భయంతో కూడా. దేవుణ్ణి అడిగి తెచ్చుకున్న మొగుణ్ణి ఎలా చూసుకోవాలో ఎవరు చెప్తారు?

సెప్టెంబరు 15

అత్తకు నేనే చెప్పాను, సంగటి కెలుకుతుంటే పక్కన కూర్చుని. ఆమె గంటె ఆపలేదు.

"నేనూ అడిగింటి, పెండ్లయిన కొత్తల్లో. మీ మామ ఇంటి పట్టున ఉంటాడా అని. ఎడం పువ్వు పడె" అంది.

"తర్వాత?"

"తర్వాత ఏముండాది. ఇంగ అడగలే" అంది. ముద్ద తీసి తడిచేత్తో గుండ్రంగా తిప్పి పళ్ళెంలో పెట్టింది. "నీకు కుడిది పడె గదా. తిను."

సెప్టెంబరు 17

గిరి ఫోన్. స్పీకర్ పెట్టకుండానే ఇల్లంతా వినపడింది.

"దేవునితోనే ఆటలాడతావా వదినా? నా మొగం యాడ పెట్టుకోవాల?"

"మీ అన్న దగ్గర పెట్టుకో. ఇంట్లోనే ఉంటాడు ఇంగ" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. పాపం వాడికి అడ్వాన్సు సగమే తిరిగి వచ్చిందట. ఆ మిగతా సగం మేమే ఇస్తామని బావ కబురు పెట్టాడు.

బావ లెక్క ఇది. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఇంటికొక మంద. సంతకు జీవాలు తోలాలన్నా, మేతకు వేరుశనగ కట్టే గడ్డీ తేవాలన్నా బాడుగ బండికి హిందూపురమో పెనుకొండో ఫోన్ చేయాలి. తెల్లది ఉంటే ఆ బాడుగలు ఆయనే తోలతాడు. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు. మిగిలిన సగం మందను అత్త ఊరి గుట్ట మీదే మేపుకుంటుంది. ఈ మాటలు మా ముగ్గురికీ ఆగస్టులోనే ఎందుకు తోచలేదో. ఒకరినొకరు అడగకుండా బీరప్ప దాకా పోయాం.

అక్టోబరు 1

ఆయుధపూజ. తెల్లది వాకిట్లో ఉంది. గుమ్మడికాయ కొట్టి నిమ్మకాయలు తొక్కించాం. అత్త తొట్టికి పసుపు పూసింది. గిరి రాలేదు, కానీ బంతిపూల దండ పంపాడు, బండి ముందు భాగానికి సరిగ్గా సరిపోయే కొలతతో. తొట్టి మూలలో ఒక ఎర్ర పట్టు పోగు ఇంకా మిగిలి ఉంది. తీయబోతే రేష్మ వద్దంది.

అక్టోబరు 19

ఊళ్ళో ఉన్న నెలల్లో కూడా బావ రాత్రింబవళ్ళు మంద దగ్గరే ఉండేవాడు, ఇంట్లో మగమనిషి రోజూ ఉండడం నాకు అలవాటు లేదు. టవలు ఎక్కడ పడితే అక్కడ వేస్తాడు. టీవీ సౌండు పెంచుతాడు. ఆయన్ని చూసుకోవాలా, ఆయన దారికి అడ్డం రాకుండా ఉండాలా తెలియక నేను తికమక పడుతున్నాను. నిన్న కూర బాగాలేదన్నాడు. ఎప్పుడో ఒకసారి తిన్నప్పుడు బాగుండేది. కాలు మాత్రం తగ్గింది, కాపడం పెడితే ఇప్పుడు లాక్కోడు.

డిసెంబరు 14, ఆదివారం

ఇవాళ మందలు కదిలాయి. మా ఊరి నుంచీ పక్క ఊళ్ళ నుంచీ, ఎప్పటిలాగే, కాలవల కిందికి. బావతో ఏళ్ళుగా కలిసి పోయినవాళ్ళే. ఈసారి వాళ్ళ గొర్రెపిల్లల్నీ, గంజి సట్టీల్నీ, కంబళ్ళనీ బావ తెల్లబండిలో ఎక్కించుకున్నాడు. పెనుకొండ దాటాక మొదటి మకాం దగ్గర దింపి రావాలి, బాడుగ. కొత్తగా ఈనిన గొర్రె ఒకటి తన పిల్ల కోసం బండి వెనక పరుగెత్తుతుంటే, దాన్నీ ఎక్కించాడు.

నేను రోజంతా పని చేసుకున్నాను. బట్టలు ఉతికాను, రేష్మ తల దువ్వాను, జడ కుదరక విప్పి మళ్ళీ వేశాను. సాయంత్రమైంది. అత్త తన సగం మందను గుట్ట మీద నుంచి దించి దొడ్లో పెట్టింది. దీపాలు పెట్టాం. బావ రాలేదు. ఫోన్ చేయవచ్చు, కానీ చేయలేదు. అక్కడ మంట చుట్టూ అందరూ కూర్చుని ఉంటారు. చల్లగా ఉంటుంది, గొర్రెలు నెమరు వేస్తుంటాయి, ఎవరో ఒకరు ఈ రాత్రికి ఉండిపో అని అంటారు. నేనే అయితే ఉండిపోయేదాన్నేమో.

అత్త అన్నం తినలేదు. వాకిట్లోనే కూర్చుంది.

తినే వేళ దాటాక బండి చప్పుడు. బావ దిగి కాళ్ళు కడుక్కున్నాడు. ఒళ్ళంతా గొర్రెల వాసన, పొగ వాసన. కంచం ముందు కూర్చున్నాడు. నేను ముద్ద పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఏది అడగాలన్నా ఆయన్ని తప్ప అందరినీ అడిగాను. ఈసారి ఆయన్నే అడిగాను.

"వాళ్ళతో పోవాలనిపిచ్చెనా బావా?"

"అనిపిచ్చె" అన్నాడు, దాచుకోకుండా.

"శానా?"

"శానా."

"మళ్ళా?"

"వస్తి గదా" అని, నీళ్ళ చెంబు అందుకున్నాడు.